మానిటర్ వెనక వేడి

నా కూతురు బడికి వెళ్లి చాలాసేపైంది. దాని లాప్‌టాప్ మీద చెయ్యి పెడితే వేడిగా తగిలింది. ఇంట్లో ఉన్నది నేనూ, అమ్మా.

ఇలా తడిమి చూసే అలవాటు అమ్మదే. ఆస్ట్రేలియాలో, డార్విన్ అనే ఊళ్లో నేను హైస్కూల్లో ఉండగా జీవకణం గురించి నేర్పే సీడీ ఒకటి ఇచ్చారు. కంప్యూటర్ తెరమీద కణం తేలుతూ ఉండేది. ఏ భాగం మీద నొక్కితే ఆ భాగం విచ్చుకుని ప్రశ్న అడిగేది.

"రంగురంగుల బుడగలు! చదువంటే ఇలా ఉంటుందా? గేమ్ కాదూ ఇది?" అనేది అమ్మ. హాస్పిటల్ డ్యూటీ నుంచి రాగానే, నేను ఎంతసేపు ఆడానో చూడ్డానికి మానిటర్ వెనక చెయ్యి పెట్టేది. ఆ ఊరి ఉక్కకు గోడలే వేడిగా ఉంటాయంటే వినేది కాదు.

ఒకరోజు బడి నుంచి వచ్చి నేనే తడిమాను. కాలిపోతోంది. అమ్మకు ఆరోజు సెలవు.

"మమ్, ఆర్ యూ స్పైయింగ్ ఆన్ మీ?"

"నీ ఆటలు నాకెందుకే?" అంది, నా వైపు తిరక్కుండా కూర కలుపుతూ.

సాయంత్రం నేను ఒక ప్రశ్న పైకి చదువుతూ తడబడుతుంటే వంటింట్లోంచి వినిపించింది: "అది కాదే, మైటోకాండ్రియా నొక్కు." నా మీద నిఘా పెట్టిందని ఖాయం చేసుకున్నాను. అమ్మ చదువు ఇంటర్ బైపీసీతో ఆగిపోయిందని అప్పటికి నాకు తెలియదు.

ఇప్పుడు అమ్మ పక్క గదిలో ఉంది. లాప్‌టాప్‌కి చార్జర్ తగిలించి వచ్చాను.