పేజీ తిప్పే ముందు

మా ఇంట్లో పుస్తకాల బీరువా ఉంది. కింది అరల్లో ఉన్నవి చదివినవి, పై అరలో ఉన్నవి చదవాల్సినవి. చదవాల్సినవి అంటే, ఏటా చలికాలంలో హైదరాబాద్‌లో జరిగే పుస్తకాల ప్రదర్శనకు వెళ్లి, రెండు చేతులా సంచులు మోసుకుంటూ నల్లగొండ బస్సెక్కి తెచ్చుకున్నవి. తెచ్చిన రోజు ఒక్కోదాన్నీ వాసన చూస్తాను, మొదటి పేజీ చదువుతాను, పై అరలో పెడతాను. అక్కడితో దాని సంగతి మరచిపోతాను. ఆ ఏడాది ఉగాది నాటికి పై అరలో నిలువుగా పెట్టే చోటు అయిపోయి, అడ్డంగా ఒకదాని మీద ఒకటి పేర్చాల్సి వచ్చింది.

మా ఆయన గ్లాసులో ఉగాది పచ్చడి తాగుతూ బీరువా వైపు చూసి, "గివి సదువుతందుకు తెచ్చినవా, గోడ కడుతందుకు తెచ్చినవా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "వచ్చే ప్రదర్శన నాటికి పై అర ఖాళీ చేస్త. చెయ్యకుంటే ఈసారి ప్రదర్శన మొకమే సూడ" అన్నాను.

"పండుగ పూట అన్న మాట. యాదిపెట్టుకో" అని ఆయన మళ్లీ గ్లాసు ఎత్తాడు.

ప్రశాంతంగా అన్న మాటలు నేను మరచిపోతాను కానీ, కోపంలో అన్న మాట మీద మాత్రం గట్టిగా నిలబడతాను. పైగా ఏడాదంతా నేను ఎదురుచూసేది ఆ ప్రదర్శన కోసమే. చీరల మీద, బంగారం మీద నాకంత యావ లేదు.

అయితే చదవడం ఎప్పుడు? ఇంట్లో కూర్చుంటే కుక్కర్ పిలుస్తుంది, లేకపోతే మా ఆయన పిలుస్తాడు. నా ఉద్యోగం రామన్నపేటలో, ఒక ఆఫీసులో. నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి, చిట్యాల మీదుగా పోవాలి. గంటకు పైనే పడుతుంది. అంతకుముందు చాలా ఏళ్లు నేను చదివిందంతా ఆ బస్సులోనే. కిటికీ పక్కన కూర్చుంటే నార్కట్‌పల్లి వచ్చేసరికి ఒక కథ, చిట్యాలకు ఇంకొకటి అయ్యేవి. పుస్తకం లావు చూసి ఇది ఎన్ని రోజుల ప్రయాణమో చెప్పగలిగేదాన్ని.

ప్రభుత్వం ఆడవాళ్లకు బస్సు కిరాయి లేకుండా చేశాక ఆ సుఖం పోయింది. పొద్దున బస్టాండులోనే బస్సు నిండిపోయేది. అందరి చేతుల్లో ఆధార్ కార్డులు, జీరో టికెట్లు. అమావాస్య వస్తే చెర్వుగట్టు దేవుడి దగ్గరికి పోయేవాళ్లు కూడా ఎక్కేవారు, ఇక చెయ్యి కదపడానికి జాగా ఉండేది కాదు. ఒకరోజు రాడ్‌కు ఆనుకుని నిలబడి చదవబోయాను. డ్రైవర్ బ్రేకు వేశాడు. నేను పోయి ఒక అవ్వ గంప మీద పడ్డాను.

"సదువు ఇంటికాడ సదువుకో బిడ్డా. ఈడ నా టమాటలు నలుగుతున్నయ్" అంది అవ్వ.

బస్సంతా నవ్వింది. నాకు ఆ జనం మీద నిజంగానే కోపం వచ్చేది. అయితే ఎవరిని అంటాను? ఒకామె దవాఖానకు పోతోంది, ఒకామె కూతురిని చూడటానికి పోతోంది, ఇంకొకామె ఏ పనీ లేకుండా ఊరికే తిరిగి వద్దామని బయల్దేరింది. ఆ ఊరికే బయల్దేరినామెను చూస్తే మాత్రం ముచ్చటేసేది.

చివరికి ఇంటి నుంచి ముందే బయల్దేరడం అలవాటు చేసుకున్నాను. బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి దస్తీ వేసి సీటు ఆపుకోవడం మా దగ్గర అందరూ చేసే పనే. నా దస్తీ గాలికి కిందపడేది, దాని మీద ఎవరో కూర్చునేవారు. అందుకని పుస్తకమే విసిరాను. మొదటి రోజు ఒకామె దాన్ని పైకెత్తి పట్టుకుని, "ఎవ్వరిదీ బుక్కు? దస్తీ ఏస్తరు గానీ బుక్కు ఏస్తరా ఎవరన్నా?" అని అరిచింది. "నాదే, అది గాలికి ఎగిరిపోదు" అన్నాను. వారం తిరిగేసరికి అది బుక్కామె సీటని అందరికీ తెలిసిపోయింది. తర్వాత ఎవరూ పేచీ పెట్టలేదు.

ఇక నా చదువు జోరందుకుంది. పై అరలో అడ్డంగా ఉన్నవన్నీ అయిపోయాయి, నిలువుగా ఉన్నవి ఒక పక్కకు ఒరగడం మొదలుపెట్టాయి. ఇంటికి రాగానే అయిపోయినదాన్ని కింది అరలోకి దించి, మా ఆయన చూసేదాకా బీరువా తలుపు తెరిచే ఉంచేదాన్ని.

"ఏమున్నది గా పుస్తకంల?" అని అడిగేవాడు.

"అయిపోయింది" అనేదాన్ని.

"అయిపోయింది సరే, ఏమున్నదే?"

ఏముందో నాకు సరిగ్గా గుర్తుండేది కాదు. అది పెద్ద విషయంగా కూడా అనిపించలేదు. అర ఖాళీ అవుతోంది, ఆ సంతోషమే నాకు చాలు.

లావుపాటి నవల ఒకటి ఎప్పటి నుంచో వెనక్కి నెడుతూ వచ్చాను. రైల్వే స్టేషన్ పక్కన హోటల్ నడిపే ఒక ఆడమనిషి కథ అది. భర్త పోయాక ఆ హోటల్ లాక్కోవాలని మరిది చూస్తుంటాడు. వానాకాలంలో దాన్ని మొదలుపెట్టాను. ఒకరోజు నార్కట్‌పల్లి దాటాక, పేజీ చివరికి వచ్చి తిప్పేశాను.

"జర ఆగక్కా, ఇంకా అయిపోలే."

తలెత్తి చూశాను. నా సీటు పక్కనే రాడ్ పట్టుకుని ఒకామె నిలబడి ఉంది. ముప్పై దాటి ఉంటాయి. చంకలో గుడ్డ సంచి, చీర మీద అక్కడక్కడా రంగు దారప్పోగులు. మాట జారినందుకు నాలుక కరుచుకుని, "ఏమనుకోకు. నువ్వు సదువుకో" అంది.

నిజం చెప్పాలంటే, నా కంచంలో ఎవరో చెయ్యి పెట్టినట్టే అనిపించింది. అయినా పేజీ వెనక్కి తిప్పాను. ఆమె పెదవులు కదుపుతూ, ఒక్కో మాటనూ కూడబలుక్కుంటూ చదివింది. అంతసేపు నేను కిటికీలోంచి తాటిచెట్లను చూస్తూ కూర్చున్నాను. "ఊ" అన్నాక తిప్పాను.

మర్నాడు కూడా నార్కట్‌పల్లిలో ఎక్కి, జనాన్ని తోసుకుంటూ నా సీటు దగ్గరికే వచ్చింది. "మొదలేమైందక్కా? గామె హోటల్ ఎందుకు పెట్టింది?" అని అడిగింది. మా ఆయనకు చెప్పినట్టు 'అయిపోయింది' అని చెబితే కుదరదు కదా. చెప్పడం మొదలుపెట్టాక, ముందు చదివిన దాంట్లో సగం కళ్లతో దాటేశానని నాకే అర్థమైంది. తెలియనిచోట పేజీలు వెనక్కి తిప్పి చూసి మరీ చెప్పాను.

ఆమె ఏడో తరగతి దాకా చదువుకుందట. మగ్గాలున్న ఇంటికి కోడలిగా పోయింది. పని తగ్గి మగ్గం ఆగిపోయాక, రామన్నపేటలో చీరల దుకాణంలో కొంగులకు కుచ్చులు కట్టే పనికి వస్తోంది. "అంతకుముందు బస్సు కిరాయికే కూలి పోతుండే, అందుకే ఇంట్లనే ఉంటుంటి" అంది. నా కిటికీ సుఖాన్ని పోగొట్టిన జీరో టికెట్టే ఈమెను బయటికి తీసుకొచ్చిందన్నమాట. ఆ రోజు నుంచి బస్సులో జనం ఎక్కువయ్యారని గొణగడం మానేశాను.

అప్పటి నుంచి పొద్దున బస్సు ఇద్దరిదీ అయింది. నా పేజీ ముందే అయిపోయేది. "తిప్పాల్నా?" అని అడిగేదాన్ని. "జర ఆగు" అనేది. ఆగడం నాకు మొదట్లో మహా కష్టంగా ఉండేది. ఊరికే కూర్చోలేక చదివిన పేజీనే మళ్లీ చదివేదాన్ని. అలా రెండోసారి చదివినప్పుడు, హోటల్లో పొయ్యి రాజేసే చోటు, హోటలామె డబ్బాలు తుడిచే తీరు అన్నీ కళ్లకు కట్టేవి. నా పక్కన నిలబడి చదివే ఆమెకు కోపం వస్తే బస్సులోనే తిట్టేది. "గా మరిదిగాడు మంచోడు గాడక్కా, సూస్తుండు!" అనేది. వెనక సీట్లో కూర్చునే ముసలామె కూడా, "ఇయ్యాల మరిది ఏం జేసిండు?" అని అడగడం మొదలుపెట్టింది.

సాయంత్రం ఆమె పనిచేసే చీరల దుకాణం ఆలస్యంగా మూసేవారు కాబట్టి నేనొక్కదాన్నే తిరిగి వచ్చేదాన్ని. ఆ బస్సులో పై అరలోని మిగతా పుస్తకాలు చదివాను. అవి కూడా నెమ్మదిగానే చదివాను, అలవాటు మారిపోయింది. దీపావళి నాటికి అరలో ఒక్కటీ లేదు. నా సంచిలో ఉన్న నవలలో చివరి కొన్ని పేజీలే బాకీ. ఆ వారం ఒకరోజు దిగబోతూ, ఆమె తన సంచిలోంచి ఎర్ర పట్టుదారం ముక్క తీసి పేజీల మధ్య పెట్టింది.

"నేను లేనప్పుడు సదువకక్కా" అంది.

"సదువను" అన్నాను.

మర్నాడు ఆమె రాలేదు. ఆ తర్వాత రోజు కూడా రాలేదు. వారం చూసి చీరల దుకాణంలో అడిగాను. అత్తకు కాలు విరిగిందట, మంచం మీద ఉందట, మళ్లీ పనికి వస్తుందో రాదో తెలియదన్నారు. రోజూ కనిపించే మనిషి కదా అని ఆమె ఫోన్ నంబర్ నేనెప్పుడూ అడగలేదు.

ప్రదర్శన రోజులు దగ్గరపడ్డాయి. మా ఆయన నవల తీసుకుని దారం ఉన్నచోట తెరిచి, "గిన్ని పేజీలేనా మిగిలినయ్? ఒక్క పూట కూసుంటే అయిపాయె. ఆదివారం హైదరాబాద్ పోదాం" అన్నాడు.

ఆదివారం టీ గ్లాసుతో కిటికీ దగ్గర కూర్చున్నాను. కుక్కర్ కూడా పిలవలేదు, పుస్తకం తెరిచాను. పేజీ మధ్యలో ఎర్ర దారం మెలికలు తిరిగి ఉంది. హోటల్ ఏమవుతుందో తెలుసుకోవాలని ప్రాణం లాగింది. ఒక్క వాక్యం చదివి పుస్తకం మూసేశాను. ఆ వాక్యం కూడా ఆమెతో కలిసి చదవాల్సింది.

"సదువకున్నా సరే, పోదాం పా. నేనేం అనుకోను" అన్నాడు మా ఆయన. గోడ కడుతున్నావా అని ఎగతాళి చేసిన మనిషే, అప్పటికే చొక్కా మార్చుకుని తయారై నిలబడ్డాడు. నాకు ఆయన మీద చాలా ప్రేమ కలిగింది.

"నేననుకుంట" అన్నాను. ఆ ఏడాది ప్రదర్శనకు వెళ్లలేదు.

బాధపడ్డానా అంటే పడ్డాను. ఫోన్లో అందరూ పుస్తకాల సంచులతో ఫొటోలు పెడుతుంటే అసూయతో కుతకుతలాడాను. అయినా పుస్తకం సంచిలోంచి తీయలేదు. రోజూ దాన్నే కిటికీలోంచి విసిరి సీటు ఆపుకునేదాన్ని, చదివేది మాత్రం కింది అర నుంచి తెచ్చుకున్నవి. ఒకప్పుడు 'అయిపోయింది' అని దించేసినవాటినే మళ్లీ చదివాను. కొన్ని చాలా బాగున్నాయి.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక పొద్దున ఆలస్యమై సీటు దొరకలేదు. నార్కట్‌పల్లి దాకా నిలబడే ఉన్నాను. అక్కడ దవాఖానకు పోయేవాళ్లు చాలామంది దిగుతారు. నా ముందు సీటు ఖాళీ అయిందో లేదో, కిటికీలోంచి ఒక దస్తీ వచ్చి దాని మీద పడింది.

"అక్కా! గది ఆపు! ఎవ్వర్ని కూసోనియ్యకు!"

ఆ గొంతు వినగానే నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆమె ఆయాసపడుతూ ఎక్కింది. చిక్కిపోయింది. అత్త కర్ర పట్టుకుని నడుస్తోందని, ఇవాళే మళ్లీ పనిలో చేరుతున్నానని చెప్పింది. నా బాగోగులైనా అడగకుండా, "అయిపోయిందా?" అంది.

"లే."

నమ్మలేదు. నా సంచిలోంచి పుస్తకం లాగి తెరిచింది. దారం తను పెట్టినచోటే ఉంది. కాసేపు దాన్నే చూసి, "పిచ్చిదానివక్కా నువ్వు" అంది. కళ్లు తుడుచుకుంది.

సీటు కోసం ఇద్దరం కొట్లాడుకున్నాం. నువ్వు కూసో అంటే నువ్వు కూసో అని. చివరికి ఆమెను బలవంతంగా కూర్చోబెట్టి, పుస్తకం ఒళ్లో పెట్టాను. నేను రాడ్ పట్టుకుని నిలబడి, ఆమె భుజం మీదుగా చదివాను. మరిది మీద ఆమె మునుపటిలాగే గట్టిగా మండిపడింది. వెనక సీటు ముసలామె కూడా ముందుకు వంగింది. చిట్యాల దాటింది. పేజీలు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. ఇంకో పేజీ తిప్పితే ఆఖరిది.

ఆమె పేజీ అంచున వేలు పెట్టి, తలెత్తి నన్ను చూసింది.

"తిప్పాల్నా?"

నాకు ఆ పేజీ ఎప్పుడో అయిపోయింది.

"జర ఆగు" అన్నాను. "ఇంకా అయిపోలే."