మీసం పెట్టుకుని కుమారమ్మ చేసిన బేరం

సింగపూర్‌లో బుకిట్ పంజాంగ్ కుమారమ్మకు ఈ వయసులో మీసం మొలుస్తుందని ఏ జోస్యుడూ చెప్పలేదు. తాతల నాడు విశాఖ తీరం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం ఆవిడది. ఏళ్లకేళ్లు బట్టల కొట్టులో అమ్మకాలు చేసి రిటైరైంది.

ఆవిడుండే బ్లాకు పక్కనున్న కమ్యూనిటీ సెంటర్లో పాతకాలపు ఓడ వర్తకం మీద ప్రదర్శన పెట్టారు. కాకతీయుల నాటి మోటుపల్లి రేవు సెట్టి, బట్టలిచ్చి చీనా వర్తకుడి దగ్గర పింగాణీ గిన్నె పుచ్చుకోవడం అందులో నాటకం. సెట్టి వేషధారి ఆఖరి క్షణంలో రాలేదు. అతని చొక్కా సరిపోయింది కుమారమ్మ ఒక్కర్తికే. నాటకం రాసిన వరంగల్ పరిశోధకుడు నవనీత్ కాళ్లావేళ్లా పడి ఆవిడకు మీసం అతికించాడు.

చీనా వర్తకుడు ఎదురు బ్లాకు టాన్, రిటైరైన బస్సు డ్రైవరు. పాతకాలపు బేరాల్లోలా తువాలు కింద ఆయన ఆవిడ వేళ్లు నొక్కి ధర చెప్పాలి, ఆవిడ తలూపాలి, అట్ట ఓడ వెళ్లిపోవాలి. అంతే నాటకం.

కుమారమ్మ తలూపలేదు. గిన్నె తిరగేసి చూసింది.

"ఇది బీటేసింది. కోకలివ్వను."

"ఆంటీ, గిది ఉత్త నాటకమే. తీస్కోండ్రి," అని నవనీత్ తెర చాటునుంచి బతిమాలాడు.

"నాటకమైతే మాత్రం? ఇంత దూరం ఓడేసుకొచ్చి బీటగిన్నె పట్టుకెళ్తే ఊళ్లో మొహమెలా చూపించను బాబూ?"

టాన్‌కు రోషం వచ్చింది. తువాలు కింద వేళ్లు ఎడాపెడా కదిలాయి. ఇద్దరికీ చిన్నప్పటినుంచీ వచ్చిన బజారు మలయ్‌లో వాదన సాగింది. గాలి తిరిగింది, ఓడ కదలాలన్నాడు నవనీత్. కుమారమ్మ లేచి, తెరచాపకు గాలి కొడుతున్న ఫ్యానును గోడవైపు తిప్పి వచ్చి కూర్చుంది.

మర్నాడు జనం టిష్యూ ప్యాకెట్లు పెట్టి మరీ ముందే కుర్చీలు చోప్ చేసి పట్టేసుకున్నారు. ఆ రోజూ బేరం తెగలేదు. ఆ పై రోజు టాన్ ఇంటినుంచి నీలిపువ్వుల గిన్నె తెచ్చాడు. కుమారమ్మ గోటితో కొట్టింది, ఖంగుమంది. అసలు గిన్నెకు నాటకం బట్టలివ్వడం ధర్మం కాదని, మీసంతోనే లిఫ్టెక్కి ఇంటికి వెళ్లి తన ఉప్పాడ చీర తెచ్చిచ్చింది.

జనం చప్పట్లు కొడుతుండగా టాన్ భార్య వచ్చింది, తన సూప్ గిన్నె ఏదని. నవనీత్ ఓడ వెనక్కి తప్పుకున్నాడు. ఆవిడ గిన్నెను చూసింది, చీరను చూసింది, మొగుణ్ణి పక్కకు జరిపి తువాలు కింద చెయ్యి పెట్టింది.

కుమారమ్మ రెండు వేళ్లు గట్టిగా నొక్కుకుపోయాయి. రెండు చీరలు. ఎంత గింజుకున్నా ఆ పట్టు సడలలేదు. కొట్టు మానేశాక ఇంత గట్టి మనిషి తగల్లేదని కుమారమ్మకు ఒళ్లు పులకరించింది. తలూపింది.

మీసం జిగురుకు పెదవి దద్దుర్లెక్కి వారం రోజులు మండింది. అది తగ్గేసరికి టాన్ భార్య రెండు చీరలూ పట్టుకుని, కట్టడం నేర్పమని తలుపు తట్టింది. కుమారమ్మ కుచ్చిళ్లు సగం పెట్టి ఆపేసింది. గిన్నెకు మూత ఉండాలే, అదేదని అడిగింది.

మూత బేరం తెగక, ఆ సాయంత్రం టాన్ భార్య సగం చీరతోనే అక్కడ భోంచేసింది.