ఎర్రబండి, నీలంబండి, మా వదిన నాలుక

మా వదిన ఎనిమిదో నెలలో ఉండగా, కడుపులో బిడ్డ ముందే కిందికి జారిందని ఖమ్మంలో ఒక లేడీ డాక్టరు నడిపే దవాఖానాలో చేర్పించారు. కాన్పు అయ్యేదాకా మంచం దిగొద్దని డాక్టరమ్మ కచ్చితంగా చెప్పింది. మా వదినను అలా పడుకోబెట్టడమంటే మాటలు కాదు. తిరుమలాయపాలెం దగ్గర మా ఊళ్ళో పొద్దున లేచింది మొదలు మిరపతోటకీ కొట్టానికీ వంటింటికీ తిరుగుతూ, తిరిగినంతసేపూ మాట్లాడుతూ ఉండే మనిషి. కాళ్ళు ఆగిపోయేసరికి ఆ ఊపంతా నోటికొచ్చింది.

అవి ఎనభైల నడిమి రోజులు. నేను ఖమ్మంలోనే డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఉండేదాన్ని. సాయంత్రం కాలేజీ అవగానే దవాఖానాకు వెళ్ళి వదిన దగ్గర కూర్చునేదాన్ని. మా అమ్మ అక్కడే ఉండి కిరసనాయిలు స్టవ్వు మీద చప్పటి పప్పూ, సొరకాయ కూరా వండి పెట్టేది. వారం తిరక్కముందే వదిన నా చేయి పట్టుకుని గొంతు తగ్గించింది.

"అమ్మాయ్, అత్తయ్యకి చెప్పకు. ఉప్పూకారం తగిలేది ఏదైనా తెచ్చిపెట్టు. ఇలా తింటూ పోతే నాకు సొరకాయే పుట్టేలా ఉంది."

వదినవాళ్ళ నాన్న కోస్తా నుంచి వచ్చి ములకలపల్లి అడవుల వైపు పొలాలు కొన్నాడు. అందుకే ఆమె మాట మా మాటకు కాస్త వేరుగా ఉండేది.

ఖమ్మంలో అప్పుడు బ్రెడ్ ఆమ్లెట్ కొత్త మోజు. రెండు కుటుంబాలు పోటీపడి ఊరంతా బండ్లు పెట్టాయి. ఒకళ్ళవన్నీ ఎర్ర బండ్లు. బస్టాండు దగ్గర బండి నడిపే అక్క తన చెల్లెళ్ళ చేత మరో రెండు చోట్ల పెట్టించింది. ఖమ్మంలో ఎర్ర రంగు కనబడితే కమ్యూనిస్టు పార్టీవాళ్ళదే అనుకోవడం మామూలు కదా, సభ ఎప్పుడని అడిగినవాళ్ళు కూడా ఉన్నారట. రెండో కుటుంబానివి నీలం బండ్లు. రైల్వే స్టేషను ముందు ఒక మీసాలాయన, మా కాలేజీ గేటు దగ్గర ఆయన అల్లుడు, సినిమాహాలు దగ్గర తమ్ముడు.

ఎర్రబండిలో బ్రెడ్డు వేరు, ఆమ్లెట్ వేరు. బ్రెడ్డును డాల్డాలో ఎర్రగా కాల్చి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి దట్టంగా వేసిన ఆమ్లెట్‌ను మధ్యలో మడిచి పెట్టేవాళ్ళు. నీలంబండిలో బ్రెడ్డును సొనలోనే ముంచి పెనం మీద వేసి తిప్పేవాళ్ళు. గుడ్డేదో బ్రెడ్డేదో విడదీయలేం. పైన మిరియాల పొడి చల్లి నిమ్మకాయ పిండేవాళ్ళు.

మొదటిరోజు ఎర్రబండిది పేపర్లో చుట్టించుకుని పుస్తకాల కింద దాచి తీసుకెళ్ళాను. గుమ్మం దాటకముందే అమ్మ ముక్కు ఎగబీల్చింది.

"ఏందే ఆ వాసన?"

"బ్రెడ్ ఆమ్లెట్."

"బ్రెడ్డా? కోడలికి జరమొచ్చిందా ఏంది, బ్రెడ్డు తినిపిస్తున్నవ్?"

మా ఊళ్ళో బ్రెడ్డంటే జ్వరం వచ్చినవాళ్ళకు పాలల్లో ముంచి పెట్టేది. ఒంట్లో బాగున్నవాళ్ళు తింటే అపశకునంలా చూసేవాళ్ళు. విషయం డాక్టరమ్మ దాకా పోయింది. ఆమె నవ్వి, "గుడ్డు మంచిదేనమ్మా, తిననియ్యండి. నూనె తక్కువేయమని చెప్పండి" అంది.

మర్నాడు నీలంబండిది తెచ్చాను. ఇక రోజు విడిచి రోజు, ఒకసారి అదీ ఒకసారి ఇదీ. వదిన కళ్ళు మూసుకుని నమిలేది. నమిలి తీర్పు చెప్పేది.

"ఎర్రబండిది బాగుంది గానీ ఆమ్లెట్ ఒక పక్కకి జారిపోతోంది. చివర్లో ఒట్టి బ్రెడ్డే మిగులుతోంది."

ఇంకోరోజు, "నీలంబండాయన నిమ్మకాయ మర్చిపోయాడు. ఇంట్లో ఏదో గొడవయినట్టుంది, కనుక్కో" అంది.

మర్నాడు కాలేజీ గేటు దగ్గర అల్లుడిని ఊరికే అడిగి చూశాను. అతను అట్లకాడ అలాగే పట్టుకుని నావైపు చూశాడు. "అవ్, మా ఇంటామె అలిగి పుట్టింటికి పోయింది. నీకెట్ల తెలిసింది?"

ఆ సంగతి చెప్పాక వదినకు తన నాలుక మీద గౌరవం ఇంకా పెరిగింది.

పక్క మంచం మీద అడవి అంచు ఊరి నుంచి వచ్చిన ఒక కోయ అమ్మాయి కాన్పు కోసం ఉండేది. తోడుగా వాళ్ళమ్మ. వాళ్ళిద్దరూ తమ భాషలో మాట్లాడుకునేవాళ్ళు, మాతో తెలుగులో. వదిన ఆ చుట్టుపక్కల పెరిగింది కాబట్టి వాళ్ళ మాటలు నాలుగు వచ్చు. అలా స్నేహం కలిసింది. ఆ తల్లిని పెద్దమ్మా అని పిలిచేవాళ్ళం. ఒకరోజు వదిన పట్టుబట్టి నా చేత రెండు బండ్లవీ తెప్పించి, ఆమెకు ఒక్కోదాంట్లోంచి ఒక ముక్క పెట్టింది.

"ఏది బాగుందో చెప్పు పెద్దమ్మా."

ఆమె తొందరపడకుండా రెండూ నమిలింది. "నడుమ గుడ్డు మంచిగుంది బిడ్డా. పైనా కిందా ఈ అట్టముక్కలెందుకు?"

వదిన పగలబడి నవ్వింది. నర్సు పరుగెత్తుకొచ్చి, ఇలా నవ్వితే ఇక్కడే కాన్పవుతుందని కసిరింది.

ఇదిలా ఉండగా ఎర్రబండి అక్క నన్ను నిలదీసింది. "రోజు విడిచి రోజు వస్తవేంది? నడుమ రోజు ఎటు పోతున్నవ్?"

నేను దాచకుండా ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆమె స్టవ్వు తగ్గించింది. "ఆ మెత్తటిది గూడ ఒక తిండేనా? మీ వదిన ఏ దవాఖానల ఉంది?"

ఆ సాయంత్రమే చెల్లెల్ని బండి దగ్గర నిలబెట్టి, టిఫిన్ డబ్బాతో వార్డులోకి వచ్చేసింది. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. "గుడ్డు జారుతుందన్నవట. బ్రెడ్డుకు సరిగ్గ కోసి పెట్టిన. తిను, నేను చూస్త."

వదిన తిని, బాగుందన్నట్టు తలూపింది. ఆ తలూపిన వార్త మర్నాటికల్లా రైల్వే స్టేషను చేరింది. మీసాలాయన స్వయంగా పొట్లాలు పట్టుకొచ్చాడు. ఆడవాళ్ళ వార్డులోకి మగవాళ్ళను రానివ్వరు. ఆయాతో లోపలికి పంపించి, కిటికీ అవతలి నుంచి గట్టిగా అరిచాడు.

"అమ్మా, నిమ్మకాయ రెండు చెక్కలు పిండిన!"

ఇక వార్డులో అందరికీ పండగే. వాసనకు కడుపులో తిప్పుతుందని చెబుతూనే అమ్మ ఎర్రబండి పక్షం చేరిపోయింది. పెద్దమ్మ బ్రెడ్డు ఊడదీసి నాకిచ్చి గుడ్డు తినేది. ఒకరోజు డాక్టరమ్మ లోపలికొచ్చి, "ఇది దవాఖానానా, బస్టాండా?" అని గద్దించింది. ఆయా ఒక ముక్క ఆమె చేతిలో పెట్టింది. డాక్టరమ్మ నిలబడే తిని, చేయి కడుక్కుని, రేపటి నుంచి బయటివాళ్ళు రాకూడదని చెప్పి వెళ్ళిపోయింది.

వదినకు నొప్పులు మొదలైనప్పుడు చేతిలో ఉన్నది నీలంబండిది. "ఆగండాగండి, ఇందులో ఏదో కొత్తది తగులుతోంది" అంటూనే కడుపు పట్టుకుంది. స్ట్రెచర్ మీద తీసుకుపోతుంటే తల నావైపు తిప్పి, "కొత్తిమీర! కొత్తిమీర వేశాడు, గుర్తుపెట్టుకో" అంది. నాకు భయంతో ఏడుపొస్తోంది, అమ్మ దండం పెడుతోంది, ఆమె మాత్రం కొత్తిమీర దగ్గరే ఉంది. చీకటి పడకముందే ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

ఇంటికి వెళ్ళేరోజు అన్న జీపు కిరాయికి మాట్లాడుకుని వచ్చాడు. ఇన్నాళ్ళూ తిన్న ఆ బండ్లను వదిన ఒక్కసారీ చూడలేదు. చూడకుండా ఊరు కదలనంది. ముందు బస్టాండుకు పోయాం. అక్క పెనం మీద నుంచి తీసి పొగలు కక్కుతున్నది జీపు దగ్గరికే తెచ్చిచ్చింది. వదిన ఒక్క ముక్క కొరికింది. ముఖం మారిపోయింది.

"ఇదేంటి, ఇలా కరకరలాడుతోంది?"

అప్పుడర్థమైంది నాకు. ఇన్నాళ్ళూ ఆమె తిన్నది పొట్లంలో, డబ్బాలో ఆవిరికి చెమట పట్టి, నాని, చల్లారిన బ్రెడ్ ఆమ్లెట్. పేపరు మీది అక్షరాలు కూడా అంటుకుని ఉండేవి. ఆమె మరిగింది ఆ రుచికే.

"కొత్తది చేసి పేపర్లో చుట్టెయ్యక్కా, కాసేపాగి తింటాను" అంది వదిన.

"వేడివేడిగ ఇస్తే చల్లారబెట్టుకుంటవా? గట్లనా ఇన్నొద్దులు నా చేతికి మార్కులేసింది?" అంది అక్క. అంటూనే చుట్టిచ్చింది. స్టేషను దగ్గర మీసాలాయన అడిగినట్టే చుట్టి, మరో నిమ్మచెక్క పొట్లంలో పెట్టాడు.

ఆ రెండు పొట్లాలూ జీపు వెనక సీట్లో నాకూ అన్నకూ మధ్య పెట్టాం. నానేదాకా ఆగాలని చెప్పి వదిన ముందు సీట్లో నిద్రపోయింది. నేను అమ్మ ఒళ్ళో ఉన్న పాపను చూస్తూ మైమరిచాను. మా ఊరి మలుపు దగ్గర వదిన లేచి చేయి వెనక్కి చాపింది.

"పొట్లాలిలా ఇవ్వు."

పేపర్లు మాత్రమే ఉన్నాయి. అన్న మూతి తుడుచుకున్నాడు. "పొద్దుటి నుంచి ఏం తినలేదు. ఆకలైంది."

వదిన కోపాన్ని కాసేపు పక్కకు పెట్టింది. "సరే, ఏది బాగుందో చెప్పండి."

అన్న నిజంగానే ఆలోచించాడు. "రెండూ ఒక్కతీరే ఉన్నయి."

వదిన ముఖం అటు తిప్పేసుకుంది. పాపను చూడటానికి ఊళ్ళో ఆడవాళ్ళంతా వచ్చినప్పుడు, ముక్కూ కళ్ళూ అచ్చం వాళ్ళ నాన్న పోలికే అని ఒకరి తర్వాత ఒకరు అంటుంటే, "అన్నీ ఆయన పోలికే రానివ్వండి, నాలుక ఒక్కటి రాకపోతే చాలు" అనేది.