బండ మీద ఏడో పూత

దయ్యాలను నమ్మడానికి కూడా కాస్త ఓపిక ఉండాలి. నాకు అది ఎప్పుడూ లేదు. కాబట్టి దీన్ని దయ్యం కథ అనుకోకండి. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది చింతామణి. పాత కట్టడాల మీదికి కొండచరియలు జారే ప్రమాదం ఉందేమో ఉపగ్రహ చిత్రాల్లో చూసి చెప్పడం నా పని. రిమోట్ సెన్సింగ్ అనే ఈ విద్యను తెలుగులో దూరగ్రహణం అంటారు. నాకు పట్టిన గ్రహణాల్లో జీతం ఇచ్చేది ఇదొక్కటే.

బాగేపల్లి దగ్గర ఒక కొండ మీద పాళెగాళ్ళ కాలపు రాతి చావడి ఉంది. దాని వెనుక నుంచి నెత్తి మీదికి వాలినట్టు పెద్ద బండ, బండ మొదట్లో పొడుగాటి పగులు. శ్రావణంలో ఒక సోమవారం ఊరంతా కొండెక్కి ఆ చావడిలోనే సంగటి వండుకుని తింటారు. ఆ సంవత్సరం అనుమతి నా రిపోర్టు కోసం ఆగింది. ఉపగ్రహ లెక్కల్లో బండ వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ‘ప్రమాదం లేదు’ అని రాసేసి ఇంటికి పోయి పడుకోవాలని ఉంది.

పండగకు ముందరి శుక్రవారం లాంఛనంగా డ్రోన్ ఎగరేశాను. శనివారం చిక్కబళ్ళాపురం లాడ్జిలో కూర్చుని ఫోటోలు చూస్తుంటే, పగులుకు అడ్డంగా అరచేయంత తెల్లటి పూతలు కనిపించాయి. ఆరు. అందులో నాలుగోది మధ్యకు చీలి ఉంది.

నన్ను అడక్కుండా ఈ సున్నం ఎవరు పూశారని చావడి కాపలాదారు గంగులప్పకు ఫోన్ చేసి కోప్పడ్డాను.

“యాడ సున్నం సార్? మా నాయన పోయినాక ఆ బండకు సున్నం పూసినోడే లేడు. ఆయప్పే నడుముకు తాడు కట్టుకుని దిగి పూస్తా ఉండె. పూత చీలితే బండ కదిలినట్టు. ఇంక చావడిలో పొయ్యి పెట్టనిచ్చేటోడు కాదు.”

“ఎప్పుడు పోయినాడప్పా మీ నాయన?”

“పదేండ్లాయె. ఏం సార్, ఎండ దెబ్బ తగిలిందా?”

ఆదివారం తొలి బస్సుకు వెళ్ళి, యాభై దాటిన మోకాళ్ళను బతిమాలుకుంటూ కొండెక్కాను. బోర్లా పడుకుని చెయ్యి అందినంత మేర పగులు తడిమాను. అందనిచోట దుర్భిణితో చూశాను. సున్నం జాడే లేదు. డ్రోన్‌తో మళ్ళీ తీసిన ఫోటోల్లో ఉత్త రాయే. శుక్రవారం ఫోటోల్లో మాత్రం ఆరు పూతలూ అలాగే ఉన్నాయి.

‘పరీక్ష మిగిలి ఉంది, చావడి తెరవరాదు’ అని రాసి తాళం వేయించాను. అబద్ధమే. ఇంకాస్త మంచి అబద్ధం ఆలోచించే శక్తి లేదు.

సోమవారం ఊరివాళ్ళు కొండ కిందే, ఎండలో పొయ్యిలు పెట్టారు. ఒక ముసలామె నా విస్తరిలో ముద్ద వేస్తూ, “తినప్పా. మా పండగ చెడగొట్టినోడివి, నువ్వన్నా కడుపు నిండా తిను” అంది.

ముద్ద సగం కాకముందే పైన పెద్ద చప్పుడు. వాన లేదు, గాలి లేదు. బండ చావడి వెనుక భాగాన్ని నేలమట్టం చేసింది. ఏటా పొయ్యి పెట్టే మూల దాని కిందే ఉంది. ముసలామె వచ్చి నాకు ఇంకో ముద్ద వేసింది.

నేను కాపాడాల్సింది కట్టడాన్ని. అది సగమే మిగిలింది. హఠాత్తుగా తెగే బండ ఉపగ్రహానికి అందకపోవచ్చు, అంతవరకు అర్థమవుతుంది. పూతలే అర్థం కావు. ఫోటోలు చూసిన తోటివాళ్ళు వెలుతురు పడిందన్నారు. వెలుతురు మధ్యకు చీలుతుందా అని అడిగితే, టీ తాగుదాం పద అన్నారు.

తర్వాత మిగిలిన బండలకు ఇనుపవల కట్టించాం. గంగులప్ప తండ్రిలాగే తాడు కట్టుకుని దిగి, పగుళ్ళ మీద ఆరు పూతలు పూశాడు. పోయిన నెల డ్రోన్ ఫోటోల్లో లెక్కపెట్టాను. ఏడు. ఏడోది కొండెక్కే దారికి ఎగువన, పగులే లేని బండ మీద ఉంది.

చెబితే గంగులప్ప కాసేపు తల గోక్కున్నాడు. “ఉండనీ సార్. నేను సరిగ్గా చూసింటానని మా నాయనకు ఎప్పుడు నమ్మకం ఉండాది?”

ఆ పూత ఇంకా చీలలేదు. దారిని మాత్రం పక్కకు మార్పించాను. కారణం తెలపమని పైవాళ్ళు కాగితం పంపారు. అది నా బల్ల మీదే ఉంది.