ఎండలో చూసిన రంగులు

మే నెలలో నంద్యాల బస్టాండులో, ఆళ్లగడ్డ వెళ్లే పన్నెండున్నర బస్సు కోసం కూర్చున్నాను. ఎవరో అమ్మాయి నా ముందు ఫోను పెట్టింది. బస్సు వేళలు చెప్పే యాప్ తయారుచేస్తున్నారట. మూడు రంగుల్లో నచ్చినది నొక్కమంది. నొక్కితే ఏం పోతుందోనని చేతులు కొంగులో దాచుకున్నాను.

“నాకు యా రంగు నచ్చితే నీకేంది పాపా? నువ్వే నొక్కు, నేను చూస్తా.”

“ఏమీ పోదవ్వా. రంగు చెప్పు చాలు.”

పెళ్లిచీర కూడా అంగడి లైటు కింద నమ్మక, వాకిట్లో ఎండకు పట్టి చూశాకే తీసుకున్నదాన్ని. అందుకే ఆమెను ఎండలోకి నడిపించాను. లేత రంగుల మీది తెల్ల అక్షరాలు మూడింట్లోనూ కనబడకుండా పోయాయి.

“ఇదేమన్నా చీరనా అవ్వా?” అని నవ్వింది.

“చీరైతే మార్చుకొస్తా. పోయిన బస్సును యాడ మార్చుకునేది?”

ఆమె నవ్వు ఆపి రాసుకుంది. బస్సు ఎక్కేదాకా నేను మాత్రం కొంగులోంచి చెయ్యి తియ్యలేదు.