ఇంకో తీరు

మా బిడ్డకు నాలుగో తరగతి చెప్పిన టీచరమ్మ, లెక్క సరిగ్గ చేసినా సరే, నోట్‌బుక్కు పిల్లల దిక్కే తిప్పి "ఇంకో తీరుగ చెయ్యి బిడ్డా" అనేది.

నాకు మండి బడికి పోయిన. "బొగ్గుబాయిల పైకప్పుకు ఆసరాలు పెట్టే పని నాది మేడం. అక్కడ ఇంకో తీరుగ చేస్తే పీనుగులు లేస్తయి. పిల్లలకు ఒక్క తీరే నేర్పుండ్రి" అన్న.

"ఇది కాగితం అన్నా, తప్పయినా ఎవలూ చావరు" అన్నది మెల్లగ.

కాలనీల అందరితోని సంతకాలు పెట్టించి ఆమెను తీసేయించిన.

ఇప్పుడు బిడ్డ ఏడో తరగతి, క్లాసుల ఫస్టు. మొన్న రంగులపెట్టె కొనిస్తే తెల్లకాగితం ముందటేసుకొని చానాసేపు కూసున్నది.

"ఏం గియ్యాలె బాపు?" అని అడిగింది.

"నీ ఇష్టం" అన్న.

"తప్పయితే ఎట్ల?"

టీచరమ్మ మాట నోటిదాకా వచ్చింది. బిడ్డ నమ్మేటట్టు చెప్పుడు నాకు చేతకాలే.