తెర మీద సుద్ద గీతలు

మా బావ నిచ్చెన మా ఇంట్లో ఉంది. పోయినేడు దాని మీంచే పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ముప్ఫై ఏళ్లుగా దుకాణాల గోడల మీద పేర్లు రాసిన మనిషి. మా వైపు సగం షట్టర్ల పైన ఉన్న అక్షరాలు ఆయనవే. మళ్లీ పడితే కర్రతో కూడా నడవలేరని డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. ఆ మాట వినగానే అక్క నిచ్చెనను నా నెత్తిన పెట్టింది. "నీ కరెంటు పనులకి వాడుకో. ఆయన అడిగినా ఇవ్వకు" అంది. అప్పటినుంచీ బావ రోజూ ఏదో ఒక వంకతో మా ఇంటికొచ్చి దాన్నోసారి చూసిపోతాడు.

కూర్చుని చేసే అక్షరాల పని ఏదైనా ఉందా అని వెతికితే దుకాణాలకి వెబ్‌సైట్లు తయారుచేసే ఈ పని తగిలింది. ఎవరో పారేస్తున్న పాత కంప్యూటర్ పెట్టె నేనే తెచ్చిచ్చాను. గడియారాలు బాగుచేసే పెద్దాయన మొదటి బేరం. "గోడ మీద మీరు రాసినట్టే ఉండాలి మాస్టారూ. శనివారం పొద్దున వచ్చి చూస్తా. కుదరకపోతే వేరే వాళ్లని చూసుకుంటాను, ఏమీ అనుకోకండి" అన్నాడు. ఆయన వెళ్లాక బావ నాతో ఒకటే మాట అన్నాడు. "ఇది రాకపోతే మళ్లీ గోడేరా." అక్క వంటింట్లోంచి విననే విన్నది.

పెట్టెకి తెర లేదు కాబట్టి మానిటర్ కొనడానికి వెళ్లాం. అక్కడే మొదలైంది మా తల తిరగడం. అమ్మే ఆవిడ ఎన్ని అంగుళాలు కావాలని అడిగింది. బావ జవాబు చెప్పకుండా కర్ర తాటిస్తూ షాపు చివరిదాకా వెళ్లి, ఒక కన్ను మూసి చూశాడు.

"సార్, దీన్ని రెండడుగుల దూరం నుంచే చూస్తారు."

"రోడ్డవతల నుంచి చదవలేనిది రాతేంటమ్మా?"

వరసగా పది తెరల మీద ఒకటే చిలక బొమ్మ ఉంది. ఒకదాంట్లో లేతాకు రంగు, ఇంకోదాంట్లో ముదురాకు, మూడోదాంట్లో ఇంచుమించు నీలం. బావ సంచిలోంచి పెయింటు డబ్బా మూత తీశాడు. గడియారాల షాపు గోడకి కొట్టిన ఆకుపచ్చ అది. మూతను ఒక్కో చిలక పక్కనా పెట్టి చూస్తూ, "ఇందులో అసలు చిలక ఏది?" అని అడిగాడు.

"అన్నీ అసలే సార్."

"ఒకే చిలక ఇన్ని రంగుల్లో ఎలా ఉంటుంది?"

ఆవిడ నా వంక చూసింది. నేను సీలింగ్ ఫ్యాను వంక చూశాను. వైర్లు కలపమంటే కలుపుతాను గానీ చిలకల సంగతి నాకేం తెలుసు? చివరికి మూత రంగుతో కలిసిన పెద్ద తెర ఇంటికొచ్చింది.

ఇక చదువు మొదలైంది. బావ పాఠాల వీడియోలు చూస్తూ నోటుబుక్కులో రాసుకునేవాడు. పేరును కాస్త కిందికి దించితే ఫొటో ఎగిరి పక్కకి పోయేది. ఫొటోను సర్దితే ఫోన్ నంబరు మాయమయ్యేది. "నేను ముట్టుకోనిది ఎందుకు కదులుతుందిరా?" అని నన్నడిగేవాడు. ఏదో పెద్ద తెలిసినవాడిలా గడ్డం గోక్కోవడం తప్ప నేను చేసిందేమీ లేదు.

గురువారం వెళ్లేసరికి తెర మీద తెల్లటి సుద్ద గీతలున్నాయి. గోడ మీద అక్షరాలు రాసే ముందు సుద్ద పూసిన దారం లాగి కొడతారు; బావ ఆ పనే తెర మీద చేశాడు. దారం అటు కొస అక్క పట్టుకుందట. ప్రతి అక్షరాన్నీ ఆ గీతలకి ఆనించి, తోసీ జరిపీ కూర్చోబెట్టాడు. అచ్చం షాపు గోడే. నాకు ముచ్చటేసింది. "బావా, ఈ ఉపాయం ఆ వీడియోల వాళ్లకి కూడా తట్టలేదు" అన్నాను. నిజంగానే తట్టి ఉండదు.

శనివారం పెద్దాయన వచ్చాడు. తెర ముందుకి వంగి చూశాడు. "నా షాపే" అన్నాడు. తర్వాత తన ఫోను తీసి అందులో ఆ వెబ్‌సైటు తెరిచాడు. పేరులో అక్షరాలు ఒకదాని కింద ఒకటి జారిపడ్డాయి. ఫోన్ నంబరు సగమే ఉంది. ఆకుపచ్చ కాస్తా నీలానికి తిరిగింది. నా ఫోనులో చూస్తే ఇంకోలా పాడైంది.

"నేనలా పెట్టలేదండీ" అన్నాడు బావ. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "ఈ గోడ వెడల్పెంత?"

"ఒక్కో ఫోనుదీ ఒక్కోలా ఉంటుంది మాస్టారూ."

"గోడ కొలత తెలియకుండా అక్షరం ఎలా రాస్తారు? నాకేం అర్థం కావట్లేదు."

బావ నా వైపు తిరిగి, "రేపు నిచ్చెన పట్రారా" అన్నాడు. టీ కప్పులతో వస్తున్న అక్క గుమ్మంలోనే ఆగిపోయింది. ఇస్తే అక్క మొహం చూడలేను, ఇవ్వకపోతే ఆయన మొహం చూడలేను.

"నిచ్చెన లేదు బావా. అమ్మేశాను" అన్నాను. నోటికి ఏదొస్తే అదే అనేశాను.

పెద్దాయన మమ్మల్నందర్నీ ఓసారి చూసి, తన ఫోనును బల్ల మీద పెట్టాడు. "సోమవారం సాయంత్రం దాకా ఇది మీ దగ్గరే ఉండనివ్వండి. ఇందులో బాగా కనిపిస్తే చాలు. అందరూ నా దగ్గర గడియారాలు వదిలేసి పోరూ?" అని టీ తాగి వెళ్లిపోయాడు.

బావ రుమాలు తడిపి తెర మీది సుద్ద గీతలన్నీ తుడిచేశాడు. ఫోనును కళ్లకి దగ్గరగా పట్టుకుని, "ఇంత చిన్న గోడ మీద ఎప్పుడూ రాయలేదు" అని గొణుక్కున్నాడు. అక్షరాలెందుకు జారాయో అప్పుడు కూడా ఆయనకేం అర్థమైనట్టు లేదు. పొద్దున మా ఇంటికొచ్చి నిచ్చెనను చూసిపోయిన మనిషికి నేను చెప్పిన అబద్ధం తలుచుకుని సిగ్గేసి, చెప్పులు వేసుకుంటున్నాను.

"ఒరేయ్" అన్నాడు తల తిప్పకుండానే. "అమ్మేశానన్నావుగా. ఇవాళే అమ్మెయ్."